నీలగిరి చెట్టు, సంచి పందికొక్కు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో పందికొక్కును గూర్చి ప్రసంగమేమని కొందరు నవ్వవచ్చును. వేరుసెనగ కాయలు దొంగిలించునది, చెరువుకట్టకు కన్నము వేయునది, గాదె క్రింద కాపురము పెట్టునది పందికొక్కు. దానిని తిట్టని రైతు ఈ సీమలో లేడు. మితిమీరి తినువానిని దానితో పోల్చుట వాడుకయే. అట్టి మాట సముద్రము దాటి, ఆంగ్లేయుల నిఘంటువులకెక్కి, అటుపిమ్మట ఆస్ట్రేలియా ఖండమునకు పోయి, అక్కడి అడవులలోని ఒక చిన్న సంచిజంతువునకు పేరై నిలిచినది. ఇంచుమించు అదే కాలమున ఆ ఖండమునుండి ఒక చెట్టు బయలుదేరి, మన పెన్నానది పుట్టిన కొండలమీదికి వచ్చి చేరినది. మన పేరు అటు పోయినది. వారి చెట్టు ఇటు వచ్చినది. ఆ చెట్టునకును, ఆ పేరు మోయుచున్న జంతువునకును గల సంబంధమే నేటి విషయము.

మెరక పొలములలో నీలగిరి నాటుదమా, వద్దా అను చర్చ ఈ గ్రంథాలయపు అరుగుమీద అనేక సాయంకాలములు జరిగినది గనుక ఈ విషయము వినోదమునకు మాత్రమే ఎన్నుకొన్నది కాదు.

ముందుగా మాట సంగతి. పంది, కొక్కు అను రెండు పదముల కూర్పు పందికొక్కు. తూర్పుతీరపు రేవులలో వ్యాపారము చేసిన ఆంగ్లేయులకు ఇంత పెద్ద ఎలుక స్వదేశమున లేదు. అందుచేత పేరు మనయొద్దనే అప్పుగొని 'బాండికూట్' అని పలికిరి. 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' అను పదకోశము ఇది తెలుగు మాట యని తేటగా చెప్పినది. సంస్కృతమున ఎలుకకు గల పేర్లలో 'ఆఖువు' ఒకటి. అమరకోశము సింహాదివర్గమున దానిని చూడవచ్చును. త్రవ్వునది యని దాని వ్యుత్పత్తి. మన పూర్వులు ఎలుకయందు మొదట గమనించినది దాని పంటిని కాదు, త్రవ్వకమును. ఈ విషయము కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

1788లో ఆంగ్లేయులు ఆస్ట్రేలియా తూర్పుతీరమున తొలి వలస స్థాపించిరి. అక్కడి అడవులలో పొడవైన మూతి, వంగిన వీపు, కురచ వెండ్రుకలు గల జంతువొకటి రాత్రివేళల నేలను గోకుచు తిరుగుచుండెను. దానిని చూచినవారికి ఇండియాలోని పెద్ద ఎలుక జ్ఞాపకము వచ్చి ఆ పేరే తగిలించిరి. నిజమునకు రెంటికిని చుట్టరికము ఏమియు లేదు. మన పందికొక్కు ఎలుకజాతి. అది కంగారువలె సంచిజాతి. మన దేశమున సంచిజాతి జంతువులు లేవు. ఇప్పుడు బ్రతికియున్న ఆ జాతులన్నియు ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతములందును, అమెరికా ఖండములందును మాత్రమే కలవు. పోలికను మాత్రము పట్టుకొని పేరు పెట్టినవారిని తప్పుపట్ట నక్కరలేదు; మనము దేవాంగపిల్లిని పిల్లి యనుచున్నాము, అది కోతుల చుట్టము.

ఈ 'బాండికూట్' అను దానిని ఇక్కడ సంచి పందికొక్కు అందము. వీనిలో సుమారు 20 జాతులున్నవి. అరకిలో మొదలు కిలోన్నర వరకు తూగునవి వానిలో సాధారణము. పగలు గడ్డి, ఆకులు ప్రోగుచేసిన గూటిలో పడియుండును. చీకటిపడగానే బయలుదేరి ముందుకాళ్లతో చిన్న చిన్న గుంటలు త్రవ్వి, మూతి అందులో దూర్చి పురుగులు, గడ్డలు, భూమిలోపల పుట్టు పుట్టగొడుగులు తినును. గాదెలు దోచునది కాదు, పంటకు పగ కాదు. ఒంటరి బ్రదుకు. దాని కాన్పు విచిత్రము. పొడుగుమూతి సంచి పందికొక్కు గర్భము మోయునది పండ్రెండున్నర దినములు మాత్రమే! ఈ సీమలోని మేకకు ఐదు నెలలు, అసలు పందికొక్కునకు మూడు వారములకు పైన. పుట్టిన పిల్ల గ్రామునకు ఎంతో లోపే. అది తల్లి సంచిలో చేరి, చన్ను పట్టుకొని, ఇంచుమించు ఏడు వారములు అందులోనే పెరుగును. కంగారు సంచి ముందునకు తెరచియుండును. దీని సంచి వెనుకకు తెరచియుండును. నేల త్రవ్వునపుడు ఎగిరిపడు మట్టి బిడ్డ కన్నులలో పడకుండుటకు ఇంతకంటె ఏర్పాటు వేరొకటి కావలయునా?

ఇక చెట్టు. మనము నీలగిరి యనునదియు, కోస్తావారు జామాయిలు అనునదియు ఒకటే. శాస్త్రమున దాని పేరు యూకలిప్టస్. గ్రీకు భాషలో దీని కర్థము 'బాగుగా కప్పబడినది' యని. నీలగిరి మొగ్గను చూచినవారికి ఈ పేరు ఎందుకు వచ్చినదో తెలియును: మొగ్గ తలపై టోపివంటి మూత ఒకటి యుండును, విచ్చునపుడు ఆ మూత ఊడి క్రింద పడి, లోపలి కేసరములు వెలికి వచ్చును. ఒకే ఖండపు బిడ్డలైన ఈ ఇరువురిలో ఒకరు పసిపిల్లను సంచిలో దాచుకొందురు, వేరొకరు మొగ్గను మూతలో దాచుకొందురు. పేరు పెట్టుటలో మాత్రము చెట్టునకు న్యాయము జరిగినది, జంతువునకు జరుగలేదు.

టిప్పు సుల్తాను 1790 ప్రాంతమున నంది కొండపై తన తోటలో నీలగిరి జాతులను నాటించెనని ప్రసిద్ధి. సిడ్నీ రేవున మొదటి ఆంగ్ల పటాలము దిగి రెండు మూడేండ్లైనను గడవని కాలమది. నంది కొండల వరుసలోనే, చెన్నకేశవ కొండ దాపున, పెన్న పుట్టినది. హిందూపురము వైపున మన సీమలోనికి వచ్చు ఆ నది తొలిచుక్కల ప్రక్కనే ఈ పరదేశి చెట్టు వేరూనినది. 1843లో ఉదకమండలపు కొండలలో వేరొక జాతి నాటిరి. ఆ కొండల పేరే చెట్టునకును, జలుబునకు వాడు తైలమునకును నిలిచిపోయినది. నంది కొండ తోటలోని చెట్ల విత్తనమునుండి 'మైసూరు గమ్' అను రకము ప్రబలి, 1950, 1960 దశకములు మొదలుకొని దేశమున అనేక తావుల లక్షల ఎకరములలో వ్యాపించెను. ఖమ్మము సీమలో భద్రాచలము దగ్గరి కాగితపు మిల్లు కొరకు రైతులు దానినే పంటగా వేయసాగిరి. చిక్కబళ్లాపురము, కోలారు మెరకలు దీనితో నిండినవి. వాని నంటియున్న మన పొలములలోనికిని అది దిగినది.

రైతు దీనిని ఎందుకు కోరుకొనెనో అర్థము చేసికొనకుండ నిందించుట మర్యాద కాదు. ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున ఊగులాడు సీమ ఇది. పడమటి కనుమలు నైరుతి మేఘములను తమ వైపే పిండుకొనును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి సన్నగిల్లును. 1882లో బళ్లారినుండి విడివడిన అనంతపురము జిల్లా 2022లో మరల రెండై, హిందూపురము, పెనుకొండ, కదిరి, మడకశిర సీమలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరెను. కాని జిల్లా మారినందున వాన మారలేదు. వేరుసెనగ విత్తి, ఊడలు దిగు వేళకు చినుకు లేక, పెట్టుబడి మట్టిపాలైన ఏండ్లు ఎన్నియో. నీలగిరికి కాపలా అక్కరలేదు, మేక ముట్టదు, కలుపు బాధ లేదు. నాలుగైదేండ్లకు కొట్టి అమ్ముకొనవచ్చును, కొట్టిన మోడు మరల చిగిర్చును. కూలి దొరకని వానికిని, పట్టణము పోయిన బిడ్డలు గలవానికిని అంతకంటె సుళువైన పంట ఏది?

అయినను లెక్క పూర్తిగా చూడవలెను. గ్రామపు లెక్కలలో జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క. ఒక పుట చూచి సంతకము చేయు లెక్కరికి కొలువు నిలువదు.

నీలగిరి నీరు త్రాగును. ఇది ఎల్లరకు తెలిసినదే. కాని ఎంత త్రాగును, ఎక్కడ త్రాగును అను విషయమున వాదములు హెచ్చు, కొలతలు తక్కువ. కర్ణాటకమున కొందరు శాస్త్రజ్ఞులు 1980 దశకము చివరనుండి 1990 దశకము వరకు కొలిచి చూచిరి. వారు కనిపెట్టినది ఇరుపక్షముల వారికిని కొంత కష్టముగనే యుండును. మట్టి పలుచగానున్న రెండు చోట్ల నీలగిరి తోపు త్రాగినది అక్కడి సహజపు ఎండు అడవి త్రాగినదానికి మించలేదు. ఆ ఏటి వాన మేరకే సరిపెట్టుకొన్నది. బెంగళూరు దాపున హొసకోట వద్ద మాత్రము, మట్టి లోతుగల సాగుభూమిలో, కురిసిన వానను మించి త్రాగినది. వేళ్లు 8 మీటర్ల లోతునకు దిగి, ఏండ్ల తరబడి నేలలో నిలిచియున్న నీటిని తోడుకొన్నవి. అనగా రాతిగుట్టమీద అది తన రాబడిలోనే బ్రతికినది. మంచి పొలములో పెట్టినచో తాతలు దాచిన మూలధనమును తినివేసినది. ఈ తేడా తెలియకనే సగము కలహములు. 1983లో తుమకూరు జిల్లా రైతులు నీలగిరి మొలకలను పెరికివేసిరి. 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నాటరాదని ఉత్తర్వు చేసినది.

ఇది ఖర్చు పుట. జమ పుట ఎక్కడ? ఆ చెట్టు స్వదేశమున లక్షల ఏండ్లుగ బ్రతుకుచున్నదే. అక్కడి నేల ఎండిపోలేదేమి? ఆస్ట్రేలియాయు మనవలె కరవుల సీమయే. ఈ ప్రశ్నకు సమాధానములో ఒక భాగము సంచి పందికొక్కు గోళ్లలో ఉన్నది.

నీలగిరి ఆకులో తైలమున్నది. రాలిన ఆకు నేలపై పరచుకొని, దాని జిడ్డువలన పైమట్టి వాననీటిని లోనికి తీసికొనక తోసివేయును. తొలకరి చినుకు అట్టి మట్టిపై ముత్యమువలె నిలిచి జారిపోవును. అక్కడి అడవిలో ఈ గట్టిపొరను ప్రతి రాత్రి ఎవరో చీల్చుచున్నారు. పడమటి ఆస్ట్రేలియాలో 'క్వెండా' అని పిలువబడు సంచి పందికొక్కును పరిశోధకులు వెంబడించి లెక్కించిరి: ఒక్క జంతువు దినమునకు ఇంచుమించు 45 గుంటలు త్రవ్వును, ఏడాదికి అది తిరుగవేయు మట్టి దాదాపు 4 టన్నులు. మన రెండెడ్ల బండ్లకెత్తినచో అవి ఎన్ని బండ్లగునో రైతులే చెప్పగలరు. ఆ గుంటలో వాననీరు నిలుచును, రాలిన ఆకు చేరి మురుగును, విత్తనము దొరలి మొలకెత్తును. ఇంకుడుగుంటలనియు, కందకములనియు మనము ప్రభుత్వపు కూలి యిచ్చి త్రవ్వించునవి ఇవియే గదా! కూలి లేక, మేస్త్రీ లేక, హాజరు పట్టీ లేక ప్రతి రాత్రి 45 ఇంకుడుగుంటలు. సంచి పందికొక్కు త్రవ్విపోసిన మట్టిలో పెంచిన నీలగిరిజాతి మొలకలు త్రవ్వని మట్టిలోని వానికంటె ఏపుగ పెరిగినట్లును అక్కడివారు చూచిరి.

అంతకంటె మర్మమైన సేవ ఇంకొకటి కలదు. చెట్టువేళ్లకు సన్నని దారములవంటి శిలీంధ్రములు అల్లుకొని యుండును. వేరు చేరలేని సందులలోనికి అవి చొచ్చి నీటిని, భాస్వరమును చెట్టునకు అందించును. బదులుగా చెట్టు ఆకులలో వండిన చక్కెరను వానికి పెట్టును. వీనిలో కొన్ని భూమిలోపలనే చిన్న గడ్డలవంటి పుట్టగొడుగులు కాయును. వానికి గాలి తగులదు. విత్తనములవంటి వాని రేణువులు ఎట్లు వ్యాపించును? వాసన పట్టి సంచి పందికొక్కు త్రవ్వి తినును. రేణువులు దాని కడుపులో చావక, పేడతో కూడ వేరొక చెట్టు మొదట పడును. చెట్టు కదలలేదు, శిలీంధ్రము కదలలేదు. ఇరువురి వ్యవహారమును మోసికొనిపోవు తపాలా బంట్రోతు ఈ జంతువు. మన దేశమున విస్తారముగ నాటిన రకపు మూలజాతి ఆస్ట్రేలియా తూర్పు అడవులది. అక్కడ ఈ పని చేయువారిలో పొడుగుమూతి సంచి పందికొక్కు ఒకటి.

ఇప్పుడు రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. చెట్టు నీటిని క్రిందినుండి పైకి తోడును. జంతువు నీటిని పైనుండి క్రిందికి పంపును. ఒకటి ఖర్చు, వేరొకటి జమ. స్వదేశమున ఈ రెండు పద్దులు ఒకే పుస్తకములో ఉన్నవి. ఓడ ఎక్కినపుడు ఖర్చు పుట మాత్రము చింపి తెచ్చికొంటిమి.

మహాభారతము ఆనుశాసనిక పర్వమున ఒక చిలుక కథ కలదు. విషము పూసిన బాణము తగిలి ఒక మహావృక్షము ఎండిపోయెను. తొఱ్ఱలో పుట్టి పెరిగిన చిలుక మాత్రము దానిని విడువక తానును ఎండుచుండెను. ఇంద్రుడు వచ్చి, అడవిలో పచ్చని చెట్లు వేలున్నవి గదా, ఈ మోడును ఏల పట్టుకొంటివని అడిగెను. నన్ను కాచిన చెట్టు కష్టమున నుండగా విడుతునా యని చిలుక పలికెను. ఇంద్రుడు మెచ్చి వృక్షమును మరల చిగిర్పించెను. నీలగిరి కథ దీనికి తలక్రిందులు. ఇక్కడ చిలుక చెట్టును విడువలేదు. చెట్టే, విత్తనపు సంచులలో, తన్ను కాచిన ప్రాణిని విడిచి ఖండాంతరము వచ్చినది. వచ్చి వర్ధిల్లినది. ఆకు తిను స్వదేశపు పురుగులు వెంట రాలేదు గనుక మొదట దానికి పట్టపగ్గములు లేకపోయెను. 2001 తరువాత దక్షిణ భారతమున లేత ఈనెలపైన, కాడలపైన బుడిపెలు లేచి నీలగిరి మొక్కలు గిడసబారసాగినవి. పరీక్షింపగా అది ఆస్ట్రేలియాదే యైన కంటికానని కందిరీగ పని యని తేలినది. మిత్రుడు రాలేదు గాని శత్రువు మాత్రము వెదకికొని వచ్చెను.

చెట్టు ఇట్లు పరదేశమున పెరుగుచుండగా స్వదేశమున జంతువు తరుగుచుండెను. వలస పోయినవారు వేటకై నక్కలను, ఇండ్లలోనికై పిల్లులను తీసికొనిపోయిరి; గొఱ్ఱెలు, కుందేళ్లు గడ్డిని నేలమట్టము చేసినవి. దాగుటకు గడ్డి లేదు, పారుటకు అలవాటు లేదు. పందిగిట్టల సంచి పందికొక్కు అను జాతి నశించినది. ఎడారి సంచి పందికొక్కు 1943 తరువాత శాస్త్రజ్ఞుల చేతికి చిక్కలేదు. విక్టోరియా రాష్ట్రములో వీపుపై చారలుగల జాతి హామిల్టన్ అను పట్టణపు అంచున, పాడైన మోటారు కార్ల నడుమ తలదాచుకొను స్థితికి వచ్చెను. 1988లో వానిని కొన్నింటిని పట్టి, కంచెలలో పెంచి, నక్కలు లేని దీవులలో విడువసాగిరి. ముప్పది ఏండ్లకు పైబడిన ఈ కృషివలన 2021లో, 'అడవిలో నశించినది' అను పట్టికనుండి దానిని తీసి 'అపాయమున నున్నది' అను పట్టికలో వ్రాసిరి. అపాయము అను మాట శుభవార్త యగుట అక్కడ చూచితిమి! తెలుగు పేరు ఒకటి ఆ విధముగ ఇంకను పిలుపునకు బదులు పలుకుచున్నది.

కాబట్టి ఆ జంతువునే తెచ్చి మన నీలగిరి తోపులలో విడిచిన సరిపోవునుగదా యని ఎవరైన అడుగవచ్చును. అట్టి తలంపు వలదు. ఆస్ట్రేలియాకు నక్కను తెచ్చినవారును మేలే తలచిరి. మనకు మన త్రవ్వకగాండ్రు ఉన్నారు: చెదలు, చీమలు, ముళ్లపంది, ఉడుము, కడకు ఆ తిట్లు తిను పందికొక్కు. కట్టమీద అది దొంగయే. ఆ విషయమున వాదము లేదు. కాని బీడుగుట్టలోని చెదపుట్ట నీరు ఇంకించు కన్నము కూడ నని మరువరాదు. వర్షపు నీరు పుట్టల దారిని దిగి లోపలికి పోవుట గొఱ్ఱెలకాపరులు ఎరిగినదే. ఈ నేలలో పుట్టిన చెట్లకు ఈ నేల త్రవ్వకగాండ్రే సరిజోడు. నారయేపి, తుమ్మ, కానుగ, రేల వంటివి ఈ జంటలతోనే యుగములుగ జమాఖర్చు సరిచూచుకొన్నవి. వీని ఎదుగుదల నిదానము. ఐదేండ్లకు సొమ్ము చేతికి రాదు. ఆ కష్టము కష్టమే, దానిని దాచి చెప్పుట న్యాయము కాదు.

ఇక ఈ ఊరి విషయము. చర్చ ఒక తీర్పునకు రావలెనన్నచో తూచవలసినది చెట్టు మంచిదా చెడ్డదా యని కాదు, అది నిలుచు చోటు ఏది యని. చెరువునకు నీరు తెచ్చు వంకల పొడవున, ఊటబావుల ఎగువన, మట్టి లోతుగల పొలములలో నీలగిరి నాటుట మూలధనము తినుటయే. హొసకోట కొలతలు చూపినది అదియే. రాతిగుట్ట వాలున, వేరుసెనగ కూడ పండని చోట ఎవరైన ఇదివరకే నాటియున్నచో, వారిని దొంగలుగ చూచుటయు తగదు. అయితే లేని జంతువు పనిని వారే చేయవలెను. వాలునకు అడ్డముగ, వరుసల నడుమ, తొలకరికి ముందే కందకములు తీయవలెను. రాలిన ఆకు కొంత వానిలోనికి త్రోసి మట్టి కప్పవలెను, నిప్పు పెట్టరాదు. ఏటేట పూడిన కందకమును ఎత్తివేయవలెను. ఈ కూలి ఖర్చును కట్టెల ధరలోనుండి తీసివేసి మిగిలినదే లాభమని లెక్క వ్రాసికొనవలెను. మిగులనిచో మోళ్లు పెరికి కానుగయో చింతయో పెట్టవచ్చును. మోడు విడిచినచో మరల చిగురించునని మాత్రము తెలిసియుండవలెను.

వాదములు తీరుటకు కొలతలు కావలెను. వానకొలది పాత్ర ఒకటి కొని గ్రంథాలయపు డాబాపై ఉంచుట పెద్ద వ్యయము కాదు. కార్తె కార్తెకు పడిన వాన, నీలగిరి తోపునకు దిగువనున్న రెండు బావులలోను, తోపు లేని వైపునున్న రెండు బావులలోను నీటి మట్టము – ఈ ఐదు అంకెలు వ్రాయుటకు ఒక పుస్తకము చాలును. పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు పిల్లలు వంతులు వేసికొని వ్రాయగలరు. కొలతాడు నలుగురి బావులకు ఒకటే వాడవలెను, లేనిచో అంకెలు కలియవు. పుస్తకము పత్రికల బల్లమీద, ఎవరు వచ్చినను తెరచి చూచునట్లు, ఉంచవలెను. మృగశిర కార్తె ఇంకను రాలేదు గనుక మొదటి పుట గీతలు గీసి ఇప్పుడే సిద్ధము చేసికొనవచ్చును.